ఎనిమిది వేల నీలం

మా మామయ్యగారి కారుకి చూపు మందగించిందని ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. పొద్దుగుంకాక దీపాలు వేస్తే రోడ్డు మీద ఊదారంగు మసక ఒకటి పరుచుకునేది. అందులో గోనెసంచీ కుక్కలా ఉండేది, కుక్క గోనెసంచీలా ఉండేది. నేను రెంటికీ బ్రేకు వేసేదాన్ని.

పగటిపూట పని ఉన్నన్నాళ్ళూ ఆ బాధ పెద్దగా తెలియలేదు. సంచులు కుట్టే కార్ఖానాలో నాది మిషను పని. కానీ వచ్చే సోమవారం నుంచి మమ్మల్ని సాయంత్రం షిఫ్టుకి మార్చారు. బాగా చీకటి పడ్డాకే వదులుతారు. పాప కార్ఖానా పక్కనే, పిల్లల్ని చూసుకునే ఆవిడ దగ్గర ఉంటుంది. మా ఆయన ఆ వేళకి లారీ తోలుతూ ఎక్కడో ఉంటాడు. అంటే పాపని వెనక సీట్లో కట్టుకుని చీకట్లో నేనే కారు నడుపుకు రావాలి, లేదా పని మానుకోవాలి. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఈ పని కూడా మానాలని నాకు లేదు.

“బల్బులు ముసలివైపోయాయమ్మా,” అన్నారు మామయ్య, బానెట్ మీద దుమ్ము తుడుస్తూ. “ఇవి హెచ్.ఐ.డి. బల్బులు, ఈ కారుతోనే వచ్చాయి. మామూలు బల్బులా ఠక్కున మాడిపోవు. నాలాగే మెల్లమెల్లగా మసకబారతాయి.”

“నువ్వు మసకబారావా నాన్నా? ఎదురింటివాళ్ళ సంచీలో ఏ కూరలున్నాయో ఇక్కణ్ణించే చెప్తావుగా!” అంది మా ఆడబిడ్డ. నాకంటే చిన్నదే కానీ నోరు మాత్రం పెద్దది.

శనివారం పాపని చంకనేసుకుని, ఆడబిడ్డని తోడు తీసుకుని కారు సామాన్ల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు బల్ల మీద మూడు డబ్బాలు పెట్టాడు. అన్నిటి మీదా ఒకే బొమ్మ. అంకెలే వేరు. నాలుగు వేల మూడొందలు, ఆరు వేలు, ఎనిమిది వేలు.

“మీ కారుకి ఇది చాలమ్మా,” అంటూ చిన్న అంకె డబ్బా నా ముందుకి తోశాడు.

నాకు కాలింది. చంకలో పిల్ల, కాళ్ళకి అరిగిన చెప్పులు చూసి, ‘ఈమెకి చిన్నది చాల్లే’ అనుకున్నాడన్నమాట. ఇంట్లో బల్బుకి అంకె పెద్దదైతే వెలుగు పెద్దది. ఆ మాత్రం తెలియనిదాన్నా?

“పసిపిల్ల కూర్చునే బండి అండీ. చిన్నది నాకెందుకు? ఎనిమిది వేలది ఇవ్వండి.”

“అది కాదమ్మా, ఆ అంకె...”

“పెద్దదే ఇవ్వండి!” అని బల్ల గుద్దాను. నన్ను చూసి పాప కూడా గుద్దింది.

ఆడబిడ్డ నా చెవి దగ్గరికి వచ్చింది. “తేడా ఏంటో అడగొచ్చుగా వదినా.”

“అడిగితే తెలీదనుకుంటాడు.”

“తెలీదుగా!”

“ఆ సంగతి ఆయనకెందుకు?”

ఆదివారం మధ్యాహ్నం వాన వెలిశాక మామయ్య బ్యాటరీ తీగ ఊడదీసి పనిలోకి దిగారు. బల్బు గాజుకి చేతి జిడ్డు అంటితే తొందరగా పాడవుతుందట. చేతికి తొడుగులేమీ దొరక్క పాప మేజోళ్ళు వేళ్ళకి తొడుక్కున్నారు. ఒకదాని మీద బాతు, ఒకదాని మీద కుందేలు. ఆ బాతూ కుందేలూ కలిసి బల్బులు రెండూ బిగించేసరికి పాప నవ్వి నవ్వి ఎక్కిళ్ళు తెచ్చుకుంది.

సందె చీకట్లో మీట నొక్కాను. దీపాలు ఒక్కసారి భగ్గుమని తెల్లగా వెలిగి, మెల్లగా నీలంలోకి దిగాయి. ఎదురింటి గోడంతా నీలం. గోడ మీది పిల్లి కూడా నీలం. ఎదురింటాయన బయటికొచ్చి, “ఏంటండీ, సినిమా తీస్తున్నారా?” అన్నాడు. నాకు గర్వంతో కాళ్ళు నేల మీద ఆనలేదు.

పాపని మామయ్య దగ్గర వదిలి, నేనూ ఆడబిడ్డా కార్ఖానా దారిలో ఒకసారి వెళ్ళొద్దామని బయల్దేరాం. మా వీధిలో బాగానే ఉంది. పెద్ద రోడ్డెక్కాక వెలుగు ఎటు పోయిందో తెలియలేదు. తడిసిన తారు ఆ నీలాన్ని మంచినీళ్ళలా తాగేస్తోంది. దూరంగా బోర్డులు తళతళా మెరుస్తున్నాయి. చక్రాల ముందేముందో మాత్రం కనిపించదు.

ధడేల్!

“అమ్మో నా నెత్తి!” అని అరిచింది ఆడబిడ్డ. “స్పీడ్‌బ్రేకరు వదినా! రోడ్డు మీద పోతున్నామా, చేపల తొట్టిలోనా?”

పక్కకి తీసి ఆపాను. వెనక సీటు వైపు చూశాను. పాప లేదని తెలిసి కూడా చూశాను.

“నా వల్ల కాదు. రేపు వెళ్ళి పని మానేస్తానని చెప్పేస్తా.”

“బల్బు బాగాలేదని పని మానేస్తావా? చెప్పు కరిస్తే కాలు తీయించుకుంటావా?”

నేనేదో అనబోతుండగా వెనక నుంచి ఒక పాత బస్సు వచ్చి మా పక్కన ఆగింది. దాని వెలుగులో కాస్త పసుపు ఉంది. చూడ్డానికి ఏ హంగూ లేదు. కానీ మా ముందున్న రోడ్డంతా లేచి కూర్చుంది. గుంట, గుంటలో నీళ్ళు, గట్టున గులకరాళ్ళు, తెల్ల గీత, అన్నీ! బస్సు వెళ్ళిపోగానే మళ్ళీ మా నీలం, మా చీకటి.

“చూశావా?” అన్నాను.

“చూశాను. కనబడింది కాబట్టి,” అంది.

అక్కణ్ణుంచి నత్తనడకన దుకాణానికే పోయాం. షట్టరు సగం దించి ఉంది. కిందనుంచే వంగి అడిగాను. “అన్నా, డబ్బా మీద అంకె వెలుగు కాదా?”

“కాదు తల్లీ, రంగు. అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ, వానలో చూపు తక్కువ. మీ కారు తయారైనప్పుడు పెట్టింది నాలుగు వేల మూడొందలే.”

“మరి ముందే చెప్పొచ్చుగా?”

“చెప్పనిచ్చారా? తల్లీపిల్లా కలిసి నా బల్ల విరగ్గొట్టబోయారు!”

ఆడబిడ్డ అక్కడే ఫుట్‌పాత్ మీద కూలబడి నవ్వింది. నాకూ నవ్వాగలేదు. నీలం కావాలని అడిగే కుర్రాళ్ళు బోలెడుమంది ఉన్నారంటూ ఆయన వాటిని వెనక్కి తీసుకున్నాడు. కొత్తవి బిగించి, దించిన షట్టరు మీద వెలుగు పడేలా కారు నిలబెట్టించాడు. ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా మర తిప్పి కిందికి దించాడు. ఈసారి నేను ప్రతిదీ అడిగాను. ఎందుకు దించాలి, ఎంత దించాలి, మర ఎటు తిప్పాలి అని. ఆయన విసుగులేకుండా చెప్పాడు. కాస్త విసుక్కున్నాడేమో కూడా, నేను పట్టించుకోలేదు.

సోమవారం కార్ఖానా వదిలేసరికి సన్నగా తుంపర. పాపని వెనక కూర్చోబెట్టి, పట్టీ బిగించి, బిగిసిందో లేదో లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, దీపాలు వేశాను. రోడ్డు కనిపించింది. కాలవ గట్టు, స్పీడ్‌బ్రేకరు నడుం మీది చారలు, గొడుగేసుకుని దాటుతున్న ముసలాయన చెప్పులు కూడా కనిపించాయి. ఆగి దారిచ్చాను. ఆయన చెయ్యెత్తాడు.

“అమ్మా, ఆకు!” అంది పాప. నిజమే, తడి రోడ్డు మీద ఒక ఆకు అతుక్కుని ఉంది. “ఇంకో ఆకు!”

మా ఇంటి మలుపు వచ్చింది. గేటు దగ్గర మామయ్య గొడుగు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నేను హారన్ కొట్టి, తిప్పకుండా ముందుకి పోయాను.

“ఇల్లు ఇదేనమ్మా!” అని వెనక నుంచి కేక వినిపించింది.

“తెలుసు మామయ్యా! ఒక్క చుట్టు తిరిగొస్తాం!”