వాటంతటవే జరిగే పనులు

కుక్కర్ కూత మొదలవగానే ఆమె గొంతు పెంచింది. "అందరికీ నమస్కారం" అని పొయ్యికి చెప్పి, "మా విభాగంలో" అని ఉల్లిపాయలకు చెబుతుండగా కూత ఆగిపోయింది. ఆమె గొంతు మాత్రం ఆగలేదు.

"ఎవరొచ్చారే?" హాల్లోంచి అత్తగారు కేకేశారు.

"ఎవరూ రాలేదత్తయ్యా."

"మరి ఆ ఉపన్యాసం ఎవరికి? గోడలకు చెవులుంటాయని విన్నాను గానీ, పని కట్టుకుని వాటికి కబుర్లు చెప్పేదాన్ని నిన్నే చూశాను."

పేపర్ చాటున భర్త ముక్కుతో నవ్వాడు. ఆ కాస్త నవ్వుకే ఆమె కంఠస్థం చేసిన రెండో వాక్యం ఎగిరిపోయింది. అయ్యో, ఆ వాక్యం మీద ఎంత ఆశ పెట్టుకుందని! ఆమె పనిచేసే మందుల గోడౌన్‌లో షిఫ్టు ఇన్‌చార్జి ఖాళీ వచ్చింది. ఇవాళ ఆఫీసు మాటల క్లబ్బుకు పెద్దసారు వస్తున్నారు. "పదిమందిని నడిపేవాళ్లకు పదిమంది ముందు నోరు పెగలాలి కదా, అక్కడే విని తేల్చేస్తా" అన్నారట. పోటీలో ఉన్నది ఇద్దరు. ఒకరు ఈమె, రెండోవాడు ప్యాకింగులో అందరూ 'మైకు' అని పిలిచే మనిషి. అతనికా పేరు ఊరికే రాలేదు. బయట వాన పడుతోందని చెప్పడానికైనా గొంతు సవరించుకుంటాడు.

క్లబ్బంటే మహా గొప్పదేం కాదు. భోజనాలయ్యాక క్యాంటీన్ బల్లలు వెనక్కి నెడతారు. ఒకరు నిలబడి మాట్లాడితే మిగతావాళ్లు వింటారు. ఊతపదం దొర్లితే టింగుమని గంట కొట్టడానికి అకౌంట్స్‌లో పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడను అందరూ గంట మేడమ్ అంటారు. పోయిన నెల ఈమె మొదటిసారి మాట్లాడినప్పుడు ఆ గంట ఆగితే ఒట్టు. 'అంటే' అనలేదే, 'మరి' అనలేదే అనుకుంటూ చెమటలు కక్కి, చివరికి ఏడుపు గొంతుతో అడిగింది, "నేనేం ఊతపదం వాడానండీ?"

"జరిగింది, తల్లీ జరిగింది! ఒకేలాంటి పేర్లున్న మందుల్ని వేరే అరల్లోకి మార్చడం జరిగింది. ఎర్ర చీటీలు అంటించడం జరిగింది. పొరపాట్లు తగ్గడం జరిగింది. అన్నీ వాటంతటవే జరిగాయా? గోడౌన్‌లో దయ్యాలేమైనా ఉన్నాయా?" అన్నారు గంట మేడమ్.

క్యాంటీన్ అంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఏడుపొచ్చేలా ఉంది మరి.

ఆ దయ్యాలు ఆమెతో పాటే ఇంటికొచ్చాయి. ఇంట్లోనూ అంతే కదా, అన్నం అవుతుంది, బట్టలు ఆరతాయి, అత్తగారి మాత్రలు వేళకు అందుతాయి, పాప హోంవర్కు పూర్తవుతుంది. "మా ఇంట్లో ఏ పనీ ఆగదండీ, అలా నడిచిపోతుందంతే" అని భర్త స్నేహితులతో గొప్పగా చెబుతాడు. నడిచిపోతుందట, దానికేవో కాళ్లున్నట్టు! పోనీ, అన్నీ అలాగే అంటారా అంటే అదీ లేదు. పాలు పొంగితే మాత్రం "పాలు పొంగబెట్టావా?" అంటారు. "కూరలో ఉప్పెక్కువ వేశావు", "పాపను సరిగ్గా పట్టించుకోవట్లేదు". మంచికి మనిషి ఉండదు, తప్పుకు మాత్రం ఎక్కడ లేని 'నువ్వు' ఊడిపడుతుంది. ఇన్నేళ్లూ ఇది తట్టనేలేదేం అనుకుంటే ఆమెకు ఒళ్లు మండింది. ఆ వెంటనే భయమూ వేసింది. 'నేను చేశాను' అని అద్దం ముందు అనబోయింది. 'నేను, నేను అనకే, పొగరనుకుంటారు' అని చిన్నప్పుడు అమ్మ అన్న మాట అడ్డం పడింది.

ఇవాళ ఆఫీసుకు బయల్దేరుతుంటే భర్త బూట్ల లేసులు కట్టుకుంటూ అన్నాడు, "ఇన్‌చార్జి అంటే సాయంత్రాలు ఆలస్యమవుతుంది. పాప, అమ్మ... సర్లే, నేనేం వద్దనట్లేదు. తడబడ్డా బాధపడకు. నీకు అలవాటు లేదని అందరికీ తెలుసుగా."

ప్రేమగానే అన్నాడు. ఆమె ఇంకా పడనే లేదు, అప్పుడే దెబ్బకు మందు రాస్తున్నాడు. పడాలని కోరుకుంటున్నాడా ఏమిటి అన్న అనుమానం దారిపొడవునా ఆమెను వదల్లేదు.

గోడౌన్ గుమ్మంలోనే మేనేజరు ఎదురయ్యాడు. "ఆ ఎర్ర చీటీల సంగతి చెప్పండి గానీ, 'మేమంతా' అనండమ్మా. ఆడవాళ్లు 'నేను' అంటే వినడానికి బాగుండదు. అయినా పెద్దసారుకు ఇదివరకే వివరించడం జరిగింది." ఆ వివరించడంలో తన పేరు రాలేదని ఆమెకు తెలుసు. అయినా అలవాటుగా తల ఊపింది.

మొదట మైకు మాట్లాడాడు. చప్పట్లు మోగాయి. ఆమె లేచి ముందుకొచ్చింది. మొదటి వరసలో పెద్దసారు ఆవులింత ఆపుకుంటున్నారు.

"ఒకేలాంటి పేర్లున్న మందులు పక్కపక్కనే ఉండి తారుమారయ్యేవి. వాటిని వేరే అరల్లోకి మార్చడం జరి..."

గంట మేడమ్ చెయ్యి లేచింది. ఆమె ఆగిపోయింది. మైకు దగ్గడం, మేనేజరు కుర్చీలో కదలడం వినిపించాయి. అక్కణ్ణుంచి పారిపోతే బాగుండుననిపించింది.

"మార్చాను" అంది. "నేను మార్చాను. వద్దన్నా వినకుండా చీటీలు అంటించాను. పిల్లల మందు బదులు పెద్దవాళ్ల మందు వెళ్లబోతుంటే ఒకసారి నేనే పట్టుకున్నాను. ఆ రోజు ఎంత భయపడ్డానో నాకు తెలుసు. అందుకే చేశాను."

గంట మోగలేదు. ఆమె చివరిదాకా చెప్పింది. కాగితంలో లేనివి కూడా చెప్పింది.

మేనేజరు లేచి, "సార్, ఇదంతా మా పర్యవేక్షణలో ప్రవేశపెట్టడం జరిగింది..." అన్నాడో లేదో, టింగుమంది. ఈసారి పెద్దసారు కూడా నవ్వారు. లేచి ఆమె దగ్గరికొచ్చారు.

"బాగుందమ్మా. ఇన్‌చార్జిగా మీరే రావాలి. సాయంత్రాలు ఆలస్యమవుతుంది మరి. తొందరేం లేదు, ఇంట్లో అడిగి రేపు చెప్పండి."

మైకుతో అయితే ఎవరూ ఆ మాట అనరు. అయినా ఆమె నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. ట్రైనింగులకు, ఫంక్షన్లకు, చివరికి తోటివాళ్లతో టీ తాగడానికి కూడా ఇన్నేళ్లూ 'ఇంట్లో అడిగి చెప్తాను' అన్న జవాబే ఇచ్చింది. బూట్ల దగ్గర వంగిన భర్త, హాల్లో అత్తగారు, ఈ సాయంత్రం ఇంట్లో లేవబోయే గొడవ అన్నీ కళ్ల ముందు కదిలాయి.

"వస్తానండీ" అంది. "ఇంట్లో అడగను. చెప్తాను."