నది దాటే ఫోను

మూడు వారాల క్రితం ఒక ఉదయం రెయాల్ ఫోను మోగలేదు. చేసింది ఆసుపత్రి. అతనికి సరిపోయే మూత్రపిండం దొరికిందని చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించి, గంటసేపు చూసి, వరసలో తర్వాతి మనిషికి ఇచ్చేశారు. రెండు రోజుల తర్వాత డయాలిసిస్ కోసం టౌనుకి వెళ్తుంటే, చర్చి మలుపు దగ్గర ఆసుపత్రివాళ్ళు వదిలిన వాయిస్ మెసేజ్ ఫోనులో పడిందట. బండి పక్కకి ఆపి మూడుసార్లు విన్నానని చెప్పాడు.

రెయాల్ నా బావమరిది. నా భార్య ఇమెల్డాకి ఒక్కడే తమ్ముడు. ఆమె పోయి నాలుగేళ్ళయినా నన్ను బావా అని పిలవడం మానలేదు, ఏడిపించడమూ మానలేదు.

మంగళవారం ఉత్తరం వచ్చింది. మీరు ఫోనుకి అందడం లేదు కనక జాబితాలో మీ పేరు ప్రస్తుతానికి ఆపి ఉంచాం, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఇదే నంబరుకి చేస్తాం, మీరే మాట్లాడితే ఆ రోజే మళ్ళీ చేరుస్తాం, లేకపోతే వచ్చే నెల కమిటీ ఆలోచిస్తుంది అని. వచ్చే నెల దాకా ఆగడం తేలిక కాదు. రెయాల్ చేతిలో డయాలిసిస్‌కి వాడే రక్తనాళం అప్పటికే రెండుసార్లు మూసుకుపోయింది. ఉత్తరం కింద వెర్నా అనే ఆవిడ సంతకం ఉంది. దాని కింద పెన్నుతో, 'దయచేసి ఫోను దగ్గరే ఉండండి' అని రాసి ఉంది. అచ్చు అక్షరాల కింద ఆ చేతిరాత కనబడేసరికి నాకు కాస్త ఊపిరాడింది.

మా లోయలో నదికి ఇటు అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, అటు కెనడా. మా అత్తగారి పుట్టిల్లు అటువైపే. పెళ్ళిళ్ళకీ చావులకీ వెళ్ళాలంటే మేం వంతెన మీద ఆగి కాయితాలు చూపించాలి. ఫోన్లకి ఆ బాధ లేదు. బల్ల మీదున్న ఫోను తనంతట తనే అటువైపు టవరుని పట్టుకుంటుంది. అక్కడ టైము మనకన్నా గంట ముందు. ఫోనులో గడియారం గంట ముందుకి దూకితే, అది నది దాటిందని ఇక్కడ అందరికీ తెలుసు.

బుధవారం టౌనులో కొత్త కంపెనీ ప్రీపెయిడ్ కార్డూ, చౌక ఫోనూ ఒకటి కొని రెయాల్ ఇంటికి వెళ్ళాను. అతని రోడ్డుకి ఇంటర్నెట్ తీగ రాలేదు. ల్యాండ్‌లైను తీగ కిందటి చలికాలం మంచుకి తెగితే మళ్ళీ ఎవరూ వేయలేదు. అతని భార్య క్లొటిల్డ్ పొయ్యి దగ్గర ప్లాయ్‌లు పోస్తోంది. ఆ బక్‌వీట్ అట్ల వాసన ఇమెల్డా వంటింటిదే.

బల్ల మీద ఫోన్లన్నీ వరసగా పెట్టాను. నాదీ రెయాల్‌దీ ఒకే పాత కంపెనీ. గోడ గడియారంలో పదీ ఇరవై. నా ఫోనులో పదకొండూ ఇరవై. రెయాల్ ఫోనులో మాత్రం పదీ ఇరవై, సిగ్నల్ గీతలు నిండా ఉన్నాయి.

"నీది ఇటువైపే ఉందిరా. నాదే దాటింది," అన్నాను.

కొత్త ఫోను నుంచి అతని నంబరుకి చేశాను. మోగలేదు. మళ్ళీ చేశాను. గీతలు నిండా ఉన్నాయి, ఫోను ఉలకదు పలకదు.

"రెయాల్, నువ్వీ గడియారాన్ని ఏమైనా చేశావా?"

"చేశాను. దానంతట అది మారకుండా ఆపేశాను. దాని మాట నమ్మి రెండుసార్లు డయాలిసిస్‌కి గంట ముందెళ్ళి బయట చలిలో కూర్చున్నాను బావా. ఒకసారి చర్చికి పోతే ఫాదరుగారు ఇంకా గడ్డం గీసుకుంటున్నాడు."

"ఎప్పుడు ఆపావు?"

అతని బదులు క్లొటిల్డ్ చెప్పింది. "వేసవిలో అన్నయ్యా."

అంటే వేసవి నుంచి ఆ ఫోను ఇంట్లో ఉన్నప్పుడల్లా నది అవతల ఉంది, ఆ సంగతి చెప్పే ఒక్క గుర్తునీ అతనే చెరిపేసుకున్నాడు. గరిట పట్టుకుని క్లొటిల్డ్ అలాగే నిలబడిపోయింది. పెనం మీద అట్టు మాడింది. ఆమె మాడినదాన్ని తీసి ఇంకొకటి పోసి అతని పళ్ళెంలో వేసింది.

పాత కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అమ్మాయి ఓపిగ్గా చెప్పింది: రెయాల్‌ది లాంటి ప్రీపెయిడ్‌కి కెనడాలో రోమింగ్ లేదు, నెలనెలా బిల్లు కట్టేవాళ్ళకే. కొత్త కంపెనీవాళ్ళ కాయితంలో చిన్న అక్షరాల్లో అటువైపు కాల్స్ కూడా ఇదే ప్యాకులో అని ఉంది. సిగ్నల్ ఎక్కడ అందుతుందో చూపే వాళ్ళ పటంలో మా లోయంతా ఒకే రంగు పులిమి ఉంది. ముప్ఫై ఏళ్ళు సర్వేయరుగా పనిచేసినవాణ్ణి, గుట్టలు కనబడని పటాన్ని నమ్మలేను. గురువారం ఇద్దరం బండిలో రెండు ఫోన్లూ పెట్టుకుని చర్చి మలుపు, అతనికి ఆ రోజు వంతున్న డయాలిసిస్ సెంటరు, ఇంటి వెనక కొండ మీద బంగాళాదుంపల గోదాము, అన్నీ తిరిగాం. ఇల్లు తప్ప ప్రతిచోటా పాతదే మెరుగు. గోదాము దగ్గర కొత్తదానికి ఒక్క గీత కూడా లేదు.

"నీ లెక్క ప్రకారం పాతదే గెలిచింది. ఈ మాత్రానికి కాలేజీ చదువెందుకు బావా?" అన్నాడు రెయాల్.

"రోజులో ఇరవై గంటలు నువ్వుండేది ఎక్కడ?"

"ఇంట్లో."

"అక్కడ నది దాటినా మోగేది కావాలి మనకి."

అతన్ని కొత్త ఫోనుతో వంటింట్లో కూర్చోబెట్టి, దాని గడియారం గంట ముందుకి దూకేదాకా ఆగి, నేను కొండ మీద నుంచి చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"కెనడా నుంచి రెయాల్‌ని మాట్లాడుతున్నాను. ఇక్కడందరూ మర్యాదస్తులు బావా, నీలా కాదు."

ఆ వారంలో అతను నవ్వడం అదే మొదలు. తప్పు చేసింది ఆ తర్వాత, నేను. శుక్రవారం పేరు మళ్ళీ చేరితే ఆ సాయంత్రమే అసలు ఫోను రావచ్చు, అప్పటికి ఇంట్లో మోగే ఫోను ఉండాలి అనుకున్నాను. శుక్రవారం ఉదయం పదింటికి పాత నంబరుని కొత్త కంపెనీకి మార్చమని చెప్పాను. రెండు మూడు గంటల పని అన్నారు. ఒంటిగంట అయింది, కాలేదు. మళ్ళీ అడిగితే, ఇంకా సాగుతోంది, అందాకా కొన్ని కాల్స్ పాత ఫోనుకీ కొన్ని కొత్తదానికీ పోవచ్చు, మధ్యలో ఆపడం కుదరదు అన్నారు. వెర్నాకి చేస్తే మెషీను ఎత్తింది. నా నంబరు చెప్పి పెట్టేశాను. అది ఎవరైనా వింటారో లేదో తెలియదు.

రెండున్నరకి వంతెన అవతలి నుంచి క్లొటిల్డ్ చెల్లెలు చేస్తే కొత్తది మోగింది. పాత ఫోను తీసుకుని కొండెక్కి, నా ఫోను నుంచి చేస్తే పాతది మోగింది. ఆసుపత్రి కాల్ దేనికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. రెండూ పలికే చోటికి బండిలో వెళ్ళే టైము లేదు; ఇక్కడ పాతది కొండ మీదే పనిచేస్తుంది, కొత్తది ఇంట్లోనే.

"నేనే తొందరపడ్డాను రెయాల్."

"పడ్డావు. ఇప్పుడు పైకి పో. నీకు మోగితే మూడుసార్లు హారన్ కొట్టు," అన్నాడు. నన్ను తిట్టడానికి అతనికి హక్కుంది. వాడుకోలేదు.

బండి గోదాము పక్కన ఆపి, పాత ఫోను అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. మూడయింది. మూడూ రెండు. కింద ఇంటి పొగగొట్టం నుంచి పొగ తిన్నగా లేస్తోంది. కొత్తది మోగి, అతను మాట్లాడేస్తున్నాడేమో అనుకున్నాను. మూడూ అయిదుకి నా చేతిలో ఫోను అదిరింది.

"ఆసుపత్రి నుంచి వెర్నాని మాట్లాడుతున్నాను. రెయాల్ గెండ్రో గారేనా?"

"వాళ్ళ బావని అమ్మా. ఆయన కింద ఇంట్లో ఉన్నాడు, పిలుస్తున్నాను. దయచేసి పెట్టేయకండి." మూడుసార్లు హారన్ కొట్టాను.

"ఫోను ఆయన దగ్గరికి తీసుకెళ్ళకూడదా?"

"తీసుకెళ్తే లైను పోతుందమ్మా. నది దాటిపోతుంది."

"ఎవరు?"

"ఫోను."

"నేను ఆయనతోనే మాట్లాడాలండీ. ఎంతసేపు పడుతుంది?"

అప్పుడు గుర్తొచ్చింది, బండి నా దగ్గర ఉంది. నిన్ననే డయాలిసిస్ అయిన మనిషి ఆ ఏటవాలు ఎక్కి రావాలి. మళ్ళీ హారన్ కొట్టాను. కింద పెరటి తలుపు తెరుచుకుంది, ఎవరో గబగబా షెడ్డు వైపు వెళ్ళారు. తర్వాత ఏమీ కదల్లేదు.

"పది నిమిషాలమ్మా," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"తొందరపడి పరిగెత్తొద్దని చెప్పండి. నేనింకా మధ్యాహ్నం తిననే లేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకునే తింటాను," అంది. కాయితం విప్పుతున్న చప్పుడు వినబడింది.

నిజంగానే తిందో, నా కోసం ఆ కాయితంతో చప్పుడు చేసిందో నాకు తెలియదు. ఏదైనా ఆవిడకి నేను రుణపడ్డాను.

షెడ్డులోంచి ట్రాక్టరు దగ్గుతూ బయటికొచ్చింది. నడుపుతున్నది క్లొటిల్డ్, ఏప్రన్‌తోనే. వెనక కడ్డీ పట్టుకుని రెయాల్ నిలబడి ఉన్నాడు, కొత్త ఫోను ఇంకో చేత్తో పైకెత్తి పట్టుకుని. దుంపలు తవ్విన చాళ్ళ మీద అది ఎగిరెగిరి పడుతోంది. మధ్యలో ఒకసారి ఆగింది. నేను ఫోనుని రెండు చేతులా పట్టుకున్నాను, కొంచెం వంచితే ఆవిడ జారిపోతుందేమో అన్నట్టు. ట్రాక్టరు మళ్ళీ కదిలింది.

రెయాల్ దిగి, ఊపిరి కూడదీసుకుని, పేరు చెప్పాడు. పుట్టిన తేదీ చెప్పాడు. అవును అన్నాడు, అవును అన్నాడు, ఇప్పుడు మోగుతుంది అన్నాడు. కాసేపు విన్నాడు. "నేనెక్కడికీ పోనమ్మా," అన్నాడు. ఫోను నాకిచ్చి బండి మెట్టు మీద కూర్చున్నాడు.

"అయిదింటి నుంచి పేరు ఉన్నట్టేనట," అన్నాడు. క్లొటిల్డ్ ట్రాక్టరు ఆపలేదు, దిగనూ లేదు. స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చుంది.

"అయితే మీరిద్దరూ కొత్తదాన్ని తీసుకుని ఇంటికి పొండి. మార్పు పూర్తయ్యేదాకా నేనిక్కడే ఉంటాను."

"చలిగా ఉంది బావా."

"బండిలో హీటరుంది. లే, కిందికి దిగు."

అయిదింటికి నా ఫోను నుంచి అతని నంబరుకి చేశాను. నా ఒళ్ళో పాతది మోగింది. అయిదున్నరకీ అదే. కొండ అంచు మీద వెలుతురు పలచబడుతోంది. నాలుగిళ్ళ అవతల ఎవరో కట్టెలు కొడుతున్నారు.

ఆరింటికి మళ్ళీ చేశాను. ఒడిలో ఫోను కదల్లేదు. నా చెవిలో రింగు వినబడుతూనే ఉంది.

"ఆసుపత్రా?" అన్నాడు రెయాల్, గొంతు తగ్గించి.

"కాదురా, నేను."

"హడలగొట్టావు బావా." పక్కన క్లొటిల్డ్ ఏదో అడిగింది, అతను బావే అని చెప్పాడు. "ఇంట్లోనే మోగింది. ఇంక దిగి రా. లైను పెట్టేయ్, వాళ్ళు చేస్తారేమో."

పెట్టేశాను.