పక్క సీటు కొలత

శుక్రవారం వచ్చిందంటే మా ఆయన షరీఫ్ పరుపును మిద్దె మీదికి మోసుకుపోయి ఎండలో వేస్తాను. ఆ పరుపు మీద ఎవరూ పడుకోరు. అయినా వేస్తాను. ఎండ తగలకపోతే దూది గడ్డ కడుతుందని మా నాయన చెప్పేవాడు. ఆయన పేరు పీరాసాబ్. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని విడపనకల్లు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి పరుపులు కుట్టేవాడు. నా పెళ్లికి రెండు పరుపులు కుట్టి, వాటిని పక్కపక్కన పరిచి, అంచులు కలిపి లావు దారంతో ఒకే కుట్టు వేసి ఇచ్చాడు. మా ఇంట్లో కూతుళ్లకు పరుపులు అలాగే ఇచ్చేవాళ్లు, నడుమ సందు పడకూడదని.

ఆ కుట్టు విప్పింది నేనే. ఆరేళ్ల కిందట నాకు గర్భసంచి తీసేశారు. గాయం పచ్చిగా ఉందని, నిద్రలో మొగుడి చెయ్యో మోకాలో తగులుతుందని మా అత్త మాబీ పరుపులు విడదీయమంది. దారం తెగకుండా కత్తెర మొనతో కొంచెం కొంచెంగా లాగి, ఉండ చుట్టి, మిషను సొరుగులో పెట్టాను. గాయం మానాక అదే దారంతో మళ్లీ కుట్టాలనుకున్నాను. గాయం మానింది. షరీఫ్ మాత్రం మా షాపు పైన ఉన్న అటక గదిలోనే పడుకుంటూ ఉండిపోయాడు. మొదట్లో అక్కడ గాలి బాగా వస్తుందన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. నేను అడగలేకపోయాను. అడగకుండానే మా అత్త జవాబు చెప్పింది, రొట్టె కాలుస్తూ, నా వైపు చూడకుండా.

"సంచే తీసేసినాక ఇంగ వానికి నీ కాడ ఏముండాది? పైన పండుకోనీలే."

మా అత్త చెడ్డది కాదు. నాకు జ్వరమొస్తే తెల్లార్లూ తడిగుడ్డ వేసిన మనిషి. డబ్బాలో పిండి అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది, అంతే. ఆమె పోయి రెండేళ్లవుతోంది. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉంది. గదిలో నా పరుపు పక్కన అతని పరుపు పరిచి ఉంచుతాను. దాని మీద దుప్పటి మారుస్తాను. నలగని దుప్పటిని ఉతుకుతాను. మనసుకు తెలిసిన సంగతిని చేతులు ఒప్పుకోకపోవడం ఎంతకాలం సాగుతుందో నాకు తెలియదు. నా చేతులు ఆరేళ్లుగా ఒప్పుకోలేదు.

మాది కార్ల సీట్లు కుట్టే షాపు, గుంతకల్లులో బళ్లారి రోడ్డు మీద. ముందు షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తెర. బోర్డు మీద షరీఫ్ పేరుంది. కుట్టేది నేను, తెరకు ఈవతల, ఇంటి వైపు, ముక్కాలిపీట మీద కూర్చుని. ఈ ఊళ్లో చాలామంది వీపులు నా కుట్ల మీద వాలి ఉంటాయి. నాకు వీపు ఆనించుకోవడానికి ఏమీ లేదు. సాయంత్రానికి నడుము కొయ్యబారిపోతుంది. ఒకసారి వీపున్న కుర్చీ కావాలన్నాను. "కుర్చీ ఇస్తే నిద్రపోతావ్" అని నవ్వాడు షరీఫ్. నేనూ నవ్వాను. అలా నవ్విన ప్రతిసారీ నాలో ఏదో ఒకటి అడగడం మానేసింది.

మొన్న శుక్రవారం వేణుగోపాల్ కారు తెచ్చాడు. బట్టల షాపు వీరభద్రయ్య శెట్టి కొడుకు. బెంగళూరులో ఎవరో వాడిన ఎర్రటి చిన్న స్పోర్ట్స్ కారు. నేలకు కరుచుకున్నట్టు ఉంటుంది, ఉన్నవి రెండే సీట్లు. వాటిని పీకేసి రేసింగ్ సీట్లు వేయమన్నాడు. అట్టపెట్టెల్లో వచ్చిన ఆ సీట్లు నేనూ చూడటం అదే మొదలు. ఒకే అచ్చులో పోసిన గట్టి చిప్పలాగా ఉన్నాయి. భుజాల దగ్గర, తుంటి దగ్గర రెండు పక్కలా రెక్కలు లేచి ఉన్నాయి. వెనక్కి వాలవు. పైకప్పు తల మీదే ఉన్నట్టుంది గనుక కింద జరుపుకునే పట్టాలు కూడా వేయడానికి లేదు. ఒకసారి బోల్టు బిగిస్తే ఇక అంతే. కూర్చునే మనిషి కొలత ముందే చూసుకోవాలి. షరీఫ్ ఇలాంటివి అంతకుముందు బిగించలేదు. వేణుగోపాల్ ముందే చెప్పి ఉంచడంతో, కారు వచ్చేలోపు రెండు రోజులు ఫోనులో వీడియోలు చూశాడు. అన్నం తింటూ కూడా వాటి గురించే మాట్లాడాడు, అదీ నాతో. అతని ముఖంలో ఆ వెలుగు చూసి చాలా కాలమైంది. అది నా వల్ల వచ్చింది కాకపోయినా నా ఎదురుగా ఉంది కదా అనుకున్నాను.

డ్రైవరు సీటుకు వేణుగోపాల్ తనే కూర్చుని కొలత ఇచ్చాడు. పక్క సీటు అతని భార్య హరితది. ఆమెను ఒకసారి తీసుకురమ్మన్నాడు షరీఫ్. ఎండలో ఆమె ఎందుకు, పక్కన కూర్చునేదానికి కొలతేందన్నాడు వేణుగోపాల్. ఆడవాళ్ల సీటయితే మా షాపులో ఒక పద్ధతి ఉంది. ఈ ఊళ్లో ఆడవాళ్లను షాపుకు పిలిచి కూర్చోబెట్టరు. వాళ్ల బదులు నేను కూర్చుంటాను. నేను ఎప్పుడూ చూడని ఎంతోమందికి నా నడుమే కొలత. అయితే ఆ సంగతి బయటి మగవాళ్లకు తెలియకూడదు. వేణుగోపాల్ తన షాపుకు వెళ్లిపోయేదాకా ఆగి, షట్టరు సగం దించి, షరీఫ్ నన్ను పిలిచాడు.

ఆ సీట్లోకి దిగడం కూర్చోవడంలా లేదు. జారిపోయినట్టుంది. రెక్కలు రెండు పక్కలా నన్ను పట్టుకున్నాయి. తుంటిని, నడుము పక్కలను, భుజాలను ఒకేసారి, గట్టిగా. అది వస్తువనీ, దానికి నేనెవరో తెలియదనీ, ఏ మనిషి దిగినా అలాగే పట్టుకుంటుందనీ నాకు తెలుసు. శరీరానికి ఆ తేడా తెలియలేదు. ఆరేళ్లుగా దాన్ని ఎవరూ పట్టుకోలేదు. షరీఫ్ పట్టీలు నా భుజాల మీదుగా తెచ్చి కొక్కెంలో వేశాడు.

"ఊపిరి పీల్చు."

పీల్చాను.

"ఇంగ వదులు. యాడన్నా ఒత్తుకుంటాందా?"

"లేదు. నడుం కాడ ఖాళీ ఉండాది."

అతను వంగి నా వీపుకూ చిప్పకూ మధ్య చెయ్యి పెట్టాడు. "ఈడనా?" అన్నాడు. ఇంకొంచెం కింద అన్నాను. అరచెయ్యి కిందికి జరిగి ఆ ఖాళీలో ఆగింది. చొక్కాలోంచి గ్రీజు వాసన, చెమట వాసన. నేను కదల్లేదు. కదిలితే ఆ చెయ్యికి తను ఎక్కడ ఉందో తెలిసిపోతుందేమోనని భయమేసింది. ఎంతసేపు ఉంచాడో చెప్పలేను. బోల్టుకు గుర్తు పెట్టుకోవడానికి పట్టేంత సేపే ఉంచి ఉంటాడు.

"ఈ మందం ఫోము ముక్కొకటి కుట్టు" అన్నాడు చెయ్యి తీసి.

కుట్టాను. స్కేలు పెట్టలేదు. అతని అరచెయ్యి ఎంత మందమో నా నడుముకు గుర్తుంది. కుట్టి ఇచ్చి మిద్దె ఎక్కాను. పరుపును రెండో వైపుకు తిప్పి, కర్రతో కొట్టి దులిపాను. దూరంగా పడమటి చేలు ఎర్రగా బీటలు తీసి ఉన్నాయి. ఈ ఏడు కూడా శెనక్కాయ మొలవలేదు. కిందికి వచ్చి స్నానం చేసి, సొరుగులోంచి దారపు ఉండ తీసి, లావు సూదికి దారం ఎక్కించి పెట్టుకున్నాను. నలభై దాటినదాన్ని. నా మీద నాకే నవ్వొచ్చింది. అయినా సూదిని తీసి లోపల పెట్టలేదు.

సాయంత్రం హరితను వెంటబెట్టుకుని వేణుగోపాల్ వచ్చాడు. నేను తెర వెనక మిషను మీద కుడుతున్నాను. చినిగిన చోటులోంచి ఆమె కనబడుతోంది. సన్నగా, నా ఎత్తే ఉంది. చీర కుచ్చెళ్లు పట్టుకుని సీట్లోకి దిగింది, తల వెనక్కి ఆనించింది, కళ్లు మూసుకుంది.

"బాగుంది" అంది కాసేపటికి. "నడుము కాడ చెయ్యి పెట్టినట్టుండాది. ఎవరి కొలతకు చేసినారన్నా?"

షరీఫ్ తడుముకోలేదు.

"ఎవరి కొలతా లేదు మేడం. బస్తా పెట్టి చూసినాం."

వేణుగోపాల్ నవ్వాడు. "అంతేలే, ఏదో ఒక బరువు."

హరిత నవ్వలేదు. కళ్లు తెరిచి, సీటు వెనక్కి చెయ్యి పోనిచ్చి ఆ ఫోము ముక్కను తడిమింది.

"బస్తాకు నడుము కూడా ఉంటాదా అన్నా?"

షరీఫ్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆమె తెర వైపు చూసింది. నేను కనబడి ఉండను. కానీ మిషను ఆగిపోయిందని ఆమెకు తెలిసింది. కారు దిగి, మూలన పడేసి ఉన్న తన పాత సీటును చూపించింది.

"అది మేము తీస్కపోము. ఆ బస్తాకే ఇయ్యి. కూచుంటాది."

కారు వెళ్లిపోయింది. షరీఫ్ ఎందుకు అలా అన్నాడో నాకు తెలుసు. తన భార్య పరాయివాళ్ల కార్లో కూర్చుందని చెప్పుకోలేక అన్నాడు. నా పరువు కోసమే అన్నానంటాడు, నిజంగా అలాగే అనుకుంటాడు కూడా. నాకు ఆ మాట కన్నా అది వచ్చిన తీరే గుచ్చుకుంది. అతను వెతుక్కోలేదు. ఆ మాట నోట్లో తయారుగా ఉంది. మధ్యాహ్నం నా నడుము వెనక ఆగిన చెయ్యి ఆ ఖాళీ ఎంతుందో చూసింది. నేనున్నానని చూడలేదు. ఆరేళ్లుగా నాకు అర్థం కానట్టు నటించిన సంగతి ఒక్కసారిగా అర్థమైంది. అతనికి నా మీద కోపం లేదు, అసహ్యం కూడా లేదు. ఉంటే ఎప్పటికైనా తగ్గుతుందని ఎదురుచూసేదాన్ని.

పాత సీటును మూలలోంచి ఈడ్చుకొచ్చాను. ముక్కాలిపీట పక్కకు తోసి మిషను ముందు పెట్టాను. నా ఎత్తుకు చాలక, కింద రెండు చెక్కలు వేశాను. వీపు భాగంలో ఫోము నలిగి గుంత పడింది. అది నింపాలంటే దూది కావాలి. మిద్దె మీదికి వెళ్లి పరుపు చుట్టి భుజాన వేసుకుని దిగాను. అటక నిచ్చెన మీద సగం ఎక్కిన షరీఫ్ ఆగి కిందికి చూశాడు.

"దాన్ని ఆడికి తీస్కపోతాండావేం?"

"సీటు కుడతాండా."

"ఎవురిది?"

"నాది."

ఇంకేదైనా అడుగుతాడేమోనని, సిగ్గు లేకుండా, ఇంకా ఎదురుచూశాను. పైన ఫ్యాను తిరిగే చప్పుడు వినబడింది.

సూది తయారుగానే ఉంది, నాయన దారంతో. పరుపు అంచున కత్తెర మొన పెట్టి కోశాను. ఇంకా ఎండ వేడి ఉంది లోపల. చెయ్యి మోచేతి దాకా పోనిచ్చి వెతికాను. దూది ఎక్కడా గడ్డ కట్టలేదు.