ఇరవై రెండుసార్లు చచ్చిన తాత

ఉత్సవం రోజు పొద్దున్నే వెర్డెల్ గుర్రాన్ని నీళ్లకు తీసుకెళ్లి, తాను ఏటా పడే చోట రాయి పాతి ఉండడం చూశాడు. నిలువెత్తు నల్లరాయి. మీద తెల్లదుప్పటి కప్పారు. గాలికి దుప్పటి మూల లేచినప్పుడు అక్షరాలు కనిపించాయి. 1876 ఆగస్టులో షయాన్ తెగ నాయకుడు 'రెండు మబ్బులు' ఇక్కడ నేలకూలాడట.

ఇక్కడట!

ఆ చోటు ఎంచింది చరిత్రకారుడూ కాదు, సైన్యమూ కాదు. వెర్డెలే ఎంచాడు. ఇరవై రెండేళ్ల కింద ఊరివాళ్లు మొదటిసారి ఈ యుద్ధం ఆట పెట్టినప్పుడు రెండు మబ్బులు వేషం అతనికే ఇచ్చారు. ఎంతైనా ఆయన మనవడు. మూడోసారి తుపాకులు పేలగానే గుర్రం మీంచి పడాలన్నారు. ఏటి ఒడ్డంతా గులకరాళ్లు, ఈ ఒక్కచోటే మెత్తటి ఇసుక. నడుం విరక్కుండా ఉంటుందని అక్కడ పడ్డాడు. మరుసటేడూ అక్కడే, ఆపై ఏడూ అక్కడే. పోయినేడాది ఊరి చరిత్ర సంఘం వాళ్లు టేపు పట్టుకొచ్చి అతను పడ్డ చోటే కొలుచుకుపోయారు. ఎందుకో అప్పుడు అడగలేదు. అడగాల్సింది.

అసలు తాత ఆ రోజు చావనే లేదు. 1926 ఫిబ్రవరిలో, సొంత గుడిసెలో, సొంత పడక మీద, పులుసులో ఉప్పు లేదని కూతుర్ని సతాయిస్తూ పోయాడు. అప్పటికి వెర్డెల్‌కు పన్నెండేళ్లు. గుప్పిట్లో ఎముక దాచే ఆటలో తాత చేసే దొంగతనాలన్నీ అతనికి తెలుసు. చచ్చాడని రాసింది అమెరికా సైన్యంలో ఒక కెప్టెన్. తూటాలు దండగ చేశావేమని పైవాడు నిలదీస్తాడని భయం కాబోలు, మూడో దఫా కాల్పుల్లో నాయకుడు కూలాడని ఉత్తరం రాసి పారేశాడు. ఆ ఉత్తరం పుస్తకంలోకి ఎక్కింది, పుస్తకంలోంచి బడిలోకి, ఇప్పుడు రాయి మీదికి. తాత ఆ తర్వాత యాభై ఏళ్లు బతికాడు, ఈ ఏటికి ముప్పై మైళ్ల దూరంలో. తలుపు గడియ కూడా పెట్టుకునేవాడు కాదు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు వచ్చి అడిగిన పాపాన పోలేదు.

వెర్డెల్‌కు మండింది. వాళ్ల మీద కంటే తన మీదే ఎక్కువ మండింది. ఆట కదా అని పడుతూ వచ్చాడు. పడ్డందుకు కూలీ, మధ్యాహ్నం అందరికీ మాంసం. ఇంతలోకే వాళ్లు తాతకు సమాధిరాయి చెక్కించేశారు.

ఏటా ఆట నడిపించే ఇనప సామాన్ల కొట్టు రాయ్ ఆ పాటికే కెప్టెన్ వేషంలో ఉన్నాడు. జిగురు పెట్టి మీసం అతికించుకుంటున్నాడు.

"రాయి తీయించెయ్యి రాయ్. మా తాత అక్కడ చావలేదు," అన్నాడు వెర్డెల్.

"తీయించడమా? నీకేమన్నా పిచ్చా? అది ఎంత బరువో తెలుసా? దించేసరికి నలుగురి నడుములు పోయాయి."

"మా తాత ఆ రోజే చస్తే మా అమ్మ ఎవరికి పుట్టిందయ్యా? ఆవిడ పుట్టింది తొంభైలో!"

రాయ్ మీసం వదిలేసి వేళ్లు లెక్కపెట్టబోయాడు, మళ్లీ మానేశాడు. "చూడు వెర్డెల్, మూడు కౌంటీల జనం వచ్చారు. నువ్వు పడగానే బాకా ఊదుతారు, దుప్పటి తీస్తారు. ఇవాళ్టికి పడిపో. మిగతాది తర్వాత మాట్లాడదాం."

"ఇరవై రెండేళ్లుగా తర్వాతే."

"పడకపోతే మాత్రం వచ్చే ఏడు మీవాళ్లెవరినీ పిలవను. ముందే చెబుతున్నా, మళ్లీ నన్ననొద్దు."

ఇదీ సంగతి. వెర్డెల్ ఒక్కడి వ్యవహారమైతే అక్కడే మొహం మీద ఉమ్మేసి పోయేవాడు. కానీ ఆటలో పదకొండుమంది షయాన్లున్నారు. ఏడాదిలో అందరూ ఒకచోట చేరి, గుర్రాలెక్కి, వేళాకోళాలాడుకునేది ఈ ఒక్కరోజే.

అతని పెళ్లాం డెల్ఫీన్ రొట్టెల కొట్టు దగ్గర పిండి పిసుకుతోంది. ఆమె తమ్ముడు క్లెటస్ పక్కనే కూర్చుని, ఒంటికి ఎర్రరంగు పూసుకుంటూ వేడివేడి రొట్టె మింగుతున్నాడు. ఆటలో అతనికి పేరు లేదు. మొదటి దఫా కాల్పులకే చస్తాడు. ఆ చావు చూడ్డానికే జనం వస్తారని అతని నమ్మకం.

వెర్డెల్ జరిగింది చెప్పాడు.

"అయితే పడకు బావా," అన్నాడు క్లెటస్ నోట్లో రొట్టెతోనే. "నిజానికి నీకు పడడం ఎప్పుడూ చేతకాలేదు. బంగాళదుంపల బస్తా దించినట్టు పడతావు. మా ఊళ్లో నవ్వుకుంటారు."

"నువ్వు చచ్చేటప్పుడు మూడు పల్టీలు కొడతావు. ఏ శవం పల్టీలు కొడుతుందిరా?"

"అది కళ బావా. నీకర్థం కాదులే. మా అక్కని చేసుకున్నావు గానీ మా ఇంటి తెలివి కట్నంగా రాలేదు నీకు."

"పిలవనంటున్నాడురా అందరినీ."

క్లెటస్ నమలడం ఆపాడు. గుర్రాల దగ్గర నవ్వుకుంటున్న కుర్రాళ్ల వైపు ఒకసారి చూశాడు. "పిలవకపోతే మానె," అన్నాడు. "చావాలంటే ఇంటి దగ్గర చావలేమా?"

డెల్ఫీన్ తల ఎత్తలేదు. "నువ్వు పడినా పడకపోయినా ఈ జనం రొట్టెలు తింటారు. ఏం చేస్తావో చెయ్యి గానీ, దిగేటప్పుడు ఆ కుడి మోకాలు జాగ్రత్త. రాత్రంతా నూనె రాయలేక చస్తున్నా."

మధ్యాహ్నం ఆట మొదలైంది. ఎండకు ఇసుక కాగుతోంది. బడి నుంచి రిటైరైన ఓపల్ టీచరమ్మ మైకు ముందు కూర్చుని కెప్టెన్ ఉత్తరం చదువుతోంది. మొదటి దఫా. క్లెటస్ మూడు పల్టీలు కొట్టి చచ్చాడు, ఈలలు పడ్డాయి. రెండో దఫాకు మరో ఆరుగురు.

"మూడో దఫా కాల్పులకు," అని చదివింది టీచరమ్మ, "నాయకుడు రెండు మబ్బులు నేలకూలెను."

తుపాకులు పేలాయి. వెర్డెల్ గుర్రం మీదే ఉన్నాడు.

ఒళ్లు అలవాటు కొద్దీ పక్కకు వాలబోయింది. ఇరవై రెండేళ్ల అలవాటు మరి. కళ్లేన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"నేలకూలెను," అంది టీచరమ్మ మళ్లీ, కాస్త గట్టిగా.

రాయ్ మళ్లీ పేల్చాడు. ఇంకోసారి. "పడవయ్యా బాబూ, మందు అయిపోతోంది!" అని పళ్లు బిగించి అరిచాడు. జనంలో కూర్చున్న వాళ్లావిడ దాకా వినిపించింది. నేల మీద శవం తల ఎత్తింది. "పడమాకు బావా! ఎంతసేపైనా ఉంటా, చీమలు కుట్టినా ఉంటా!"

జనం విరగబడి నవ్వారు. వెర్డెల్ గుర్రాన్ని నడిపించుకుంటూ దుప్పటి కప్పిన రాయి దాటాడు, మైకు ముందు ఆగాడు. "ఆయన పడక మీద పోయాడు టీచరమ్మా. ఇరవయ్యారులో. నేను పక్కనే ఉన్నాను," అన్నాడు.

ఓపల్ టీచరమ్మ అతని మొహంలోకి చూసింది. నలభై ఏళ్లు పిల్లలకు ఆ ఉత్తరమే చదివి వినిపించిన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుంది. కాగితాన్ని బోర్లించింది. మైకు దగ్గరికి లాక్కుంది.

"ఆయన పడలేదండీ," అంది. "కెప్టెన్ గారు పొరపాటు రాశారు."

వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు, అందుకున్నట్టు అందరూ కొట్టారు. శవాలన్నీ లేచి కేకలు పెట్టాయి. బాకా మనిషి ఏం చెయ్యాలో తెలియక ఊదేశాడు. దుప్పటి మాత్రం ఎవరూ తీయలేదు.

సాయంత్రం రొట్టెల కొట్టు దగ్గర తొక్కిసలాటే. రాయ్ సగం ఊడిన మీసంతో వచ్చి వెర్డెల్ ఎదుట బల్ల మీద కూలబడ్డాడు. ముఖం చిటపటలాడుతోంది. డెల్ఫీన్ అడక్కుండానే అతని ముందు రొట్టె పెట్టి అడవిచెర్రీ పాకం పోసింది. కోపంగానే తిన్నాడు. రెండోది అడిగి మరీ తిన్నాడు.

"పరువు తీశావు గదా," అన్నాడు. "జనం మాత్రం వచ్చే ఏడు ఎప్పుడని ఇప్పుడే అడుగుతున్నారు. ఇంతకీ ఏం జరిగింది ఆ రోజు? అంతమంది సిపాయిలు ఆయన పడడం చూశామన్నారే!"

"పడ్డాడు. తూటాకు కాదు. జీను పట్టీ తెగింది." వెర్డెల్‌కు నవ్వొచ్చింది. తాత ఈ ముక్క దగ్గరికి రాగానే పొట్ట పట్టుకునేవాడు. "తుప్పల్లోకి దొర్లి, మడమ బెణికి, కుంటుకుంటూ మూడు రోజులు నడిచి ఇంటికొచ్చాడు. మా అమ్మమ్మ గుర్రమేదని తిట్టిందట. తూటాల కంటే ఆ తిట్లే తగిలాయనేవాడు."

రాయ్ ఆపుకోలేక నవ్వాడు. మీసం ఊడి పాకంలో పడింది. క్లెటస్ దాన్ని రెండు వేళ్లతో తీసి, "కెప్టెన్ నేలకూలెను," అన్నాడు.

"అయితే వచ్చే ఏడు అదే ఆడదాం," అన్నాడు రాయ్. "పట్టీ తెగుతుంది, నువ్వు తుప్పల్లో దూరతావు, మేం వెతుకుతాం. ఎంతసేపు వెతకాలి?"

"మూడు రోజులు," అన్నాడు వెర్డెల్.

"మాకు భోజనాలెవరు పెడతారయ్యా మూడు రోజులు?"

డెల్ఫీన్ పిండి చేతులు దులుపుకుంది. "ముందు ఆ రాయి పీకి అవతల పడేయండి, పెడతాను," అంది.