ఎర్ర కాగితం ఎవరి గుమ్మానికి

వరదొచ్చి రేవు వంతెన కొట్టుకుపోయాక పదిహేనో ఏడు కదా ఇది, అంటే పెళ్ళాం ఇంగ్‌తో చనిపోయి నాలుగేళ్ళు, కాదు, ఐదు, చచ్చినవాళ్ళు తిరిగొస్తారనే ఏడో నెల, మిట్టమధ్యాహ్నం, బయట చేపల చెరువులో నీళ్ళు చిలికే చక్రాలు తపతపమంటున్నాయి, బింగ్‌హ్వాట్ కంప్యూటరు ముందు కూర్చుని రోజూ నొక్కే చోటే నొక్కాడు, అస్థికల మందిరం వాళ్ళ పేజీలో పెళ్ళాం ఫొటో కింద దీపం వెలిగించాలి, అది రాలేదు, తెర ఎర్రబడింది, పైనుంచి కిందిదాకా ఎరుపే, మూడో తరగతి చదువుతో ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు, ముందున్నది ప్రమాదకరమైన చోటు, మీ వివరాలు దొంగిలించవచ్చు, వెనక్కి వెళ్ళండి, నన్ను పొమ్మనడానికి వీళ్ళెవరు, ఎరుపంటే తనకు తెలియదా, చావు జరిగిన ఇంటివాళ్ళే వచ్చి ఇరుగుపొరుగు గుమ్మాలకు ఎర్ర కాగితం అంటించి పోతారు, ఎరుపున్న ఇల్లు క్షేమం, ఇంగ్‌తో పోయిన రోజు తానే జిగురు పట్టుకుని పక్కింటి గ్వెక్‌హా గుమ్మానికి అంటించాడు, కాగితం వంకరగా పడింది, ఆవిడ ఏడుస్తూనే, ఇదేంటన్నా, కాగితం కూడా తిన్నగా అంటించలేవా, వదిన చూస్తే నవ్వదూ అంది, ఎరుపుంటే భయం లేదు, అడుగున సన్నటి అక్షరాల్లో ఉన్న మాట వెతికి నొక్కాడు, అయినా వెళ్తాను.

తెరుచుకుంది, ఇంగ్‌తో ఉంది, అదే ఫొటో, అదే పూల చొక్కా, దీపం మాత్రం లేదు, ఫొటో కింద అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి, అవతల ఎవరో కూర్చుని రాస్తున్నట్టు, ప్రియమైన శ్రీవారికి, ఇక్కడ చీకటిగా ఉంది, మీ గుర్తింపు కార్డు నంబరు, బ్యాంకు పిన్ నంబరు ఇస్తే నా దీపం వెలుగుతుంది, త్వరపడండి, బయట చక్రాలు ఆగిపోయాయి, ఎవరాపారు, వేలు మొదటి అంకె మీద పడింది, రెండోదీ పడింది, చీకటంటే నీకు భయమే కదా ఇంగ్‌తో, వరదప్పుడు అటక మీద రాత్రంతా నా చొక్కా పట్టుకుని, ఏయ్ కొయ్యా, మాట్లాడు, బతికున్నావో లేదో నాకెలా తెలుస్తుంది అని తిట్టావే, నలభై మూడేళ్ళూ కొయ్యా అనే పిలిచింది, ఒక్కనాడైనా మీరు అందా, శ్రీవారట, వేలు గాల్లో ఆగింది, ఫొటోలో కళ్ళు ఆ వేలినే చూస్తున్నాయి, మొహం ఆమెదే, మరి ఈ నోరెవరిది.

ఎర్ర కాగితం చావింటికి అంటించరు, ఇవతలి ఇంటికే అంటిస్తారు, ఆ ఎరుపు ఆ పేజీ తలుపుకు కాదు, తన గుమ్మానికి, చావు అవతలుంది, నువ్వు బతికున్నవాడివి, ఇంట్లోనే ఉండు అని, తానే గడియ తీసుకుని అటు నడిచాడు, పడిన రెండంకెలూ చెరిపేశాడు, ఇంగ్‌తో అక్కడ లేదు, ఐదేళ్ళుగా ఎక్కడా లేదు, ఆమె మొహం తొడుక్కుని ఎవరో కూర్చున్నారు, తీగ పీకేస్తే నల్లబడ్డ తెరలో తన మొహమొక్కటే మిగిలింది, గ్వెక్‌హా కూడా రోజూ పోయిన మొగుడి దీపం కోసం ఆ తలుపే తడుతుంది కదా.

తెల్లారగానే జిగురు కలిపి పక్కింటి గుమ్మానికి ఎర్ర కాగితం అంటించాడు, ఈసారి తిన్నగా, గ్వెక్‌హా నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చింది, ఎవరు పోయారన్నా, ఎవరూ పోలేదు, మరి పొద్దున్నే ఈ అపశకునమేంటి, ముసలాడికి మతి పోయిందా, బింగ్‌హ్వాట్ ఏడాదికి సరిపడా మాటలు ఆ గుమ్మంలోనే మాట్లాడాడు, కంప్యూటరు పెట్టె ఎర్రబడితే లోపలికి వెళ్ళకు గ్వెక్‌హా, అక్కడ మనవాళ్ళెవరూ లేరు.