రాయని పరీక్షకు ముందే వచ్చిన ఫలితాలు

బాయిలర్ బాబాయిని అందరి ముందూ నిలబెట్టి చదవమన్నారు.

మిల్లు క్యాంటీనులో బల్లలు వరసగా వేసి, గోడకి తెర కట్టి, దాన్నే శిక్షణ తరగతి అన్నారు. యాభై దాటిన వాళ్లమంతా భోజనం గంటలో అక్కడ కూర్చోవాలి. కొత్త యంత్రాలొస్తున్నాయట, చదువు రాక మేం ఇబ్బంది పడకూడదట. ముప్పై ఏళ్లలో మేనేజరు మా చదువు గురించి బెంగపెట్టుకోవడం అదే మొదలు. అప్పుడే అనుమానం వచ్చింది.

బాయిలర్ మోత విని లోపల ఆవిరి ఎంతుందో చెప్పగల మనిషి బాబాయి. ఆ తెర మీద రెండు అక్షరాలు కూడబలుక్కుని ఆగిపోయాడు. వెనక నిలబడ్డ మేనేజరు నవ్వి, "చాల్లే పెద్దాయనా, కూర్చో" అంటూ చేతిలో కాగితం మీద ఏదో గీశాడు.

మర్నాడు గేటు దగ్గర బాబాయి కార్డు పనిచెయ్యలేదు. "శిక్షణకు పనికిరాలేదు" అని వాచ్‌మన్ కాగితం చదివి వినిపించాడు.

"ఇంట్లో ఏం చెప్పనమ్మా?" అని బాబాయి నన్నడిగాడు. గుడ్డలు మడతపెట్టే విభాగంలో పని నాది.

ఇక ఎవర్ని చూసినా అనుమానమే. ఎవడైనా ముందు వరసలో కూర్చుంటే, ఎవరి మెప్పు కోసమని గుసగుసలు. నా చేతిరాత బాగుందని తరగతి చెప్పే పంతులమ్మ అన్న రోజు నుంచి మా వాళ్లు నాతో మాటలు తగ్గించారు. ఆ పంతులమ్మని అసలెవరూ నమ్మలేదు. పాతికేళ్ల పిల్ల, కంపెనీ పెట్టుకున్న మనిషి.

ఒకరోజు కొళాయి దగ్గర ఆమె నన్నాపింది.

"ఇది మీరే చదవండమ్మా. నేను చెప్తే నమ్మరు."

నలభై పేర్లున్న జాబితా. అందరూ ఫెయిల్. పరీక్ష వచ్చే శుక్రవారం. జాబితా మీద తేదీ పోయిన నెలది.

"మాకెందుకు చూపిస్తున్నావు?"

"కింద నన్ను సంతకం పెట్టమంటున్నారు."

నేను నమ్మలేదు. కాగితం మాత్రం తీసుకున్నాను.

సైకిళ్ల షెడ్డులో మీటింగు పెట్టాం. "ఇది వల," అన్నాడు మగ్గాల మేస్త్రి. "గొడవ చేస్తే అందర్నీ ఒకేసారి ఊడబెరుకుతారు."

"మాకు దీంతో పని లేదు పిన్నీ, మేం చదువుకున్నాం," అన్నాడు ఫిట్టరు.

"ఈ శిక్షణకి మొదటి నోటీసులో అరవై దాటినోళ్లన్నారు. తర్వాత యాభై ఐదు. ఇప్పుడు యాభై. నీకెన్నేళ్లు?" అన్నాను.

"ముప్పై నాలుగు," అని తల దించుకున్నాడు.

నేను జాబితా పైకి చదవసాగాను. నా పేరు వచ్చింది. దాని పక్కన 'చదవడం రాదు' అని ఉంది. అదీ చదివాను. ముందు మేస్త్రి నవ్వాడు, తర్వాత షెడ్డంతా. ఎన్నాళ్లకో అందరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం.

మూడు రోజులు పంతులమ్మ మాకు ఒకే ఒక్క వాక్యం నేర్పింది. గేటు బయట టీ బడ్డీ దగ్గర నేను బాబాయికి నేర్పాను.

కార్మికులారా, విద్యార్థులారా, ఇలాంటి నోటీసు రేపు మీ గోడ మీద కూడా పడుతుంది. అందుకే చెప్తున్నాను.

శుక్రవారం మేనేజరు ప్రశ్నపత్రాలు పంచాడు. ఒక్క ప్రశ్నకీ జవాబు రాయలేదు మేం. ముప్పై తొమ్మిది కాగితాల మీద వంకరటింకరగా ఒకే మాట: 'ఫలితాలు ముందే రాసుకున్నారు, పరీక్ష దేనికి?' అదే మాట బొగ్గుతో గేటు మీద రాసి ఉంది. అది బాబాయి రాత.

మేనేజరు మొహం మాడిపోయింది. పోలీసుల్ని పిలిచాడు. ఆఫీసు జాబితా దొంగిలించామని నన్నూ, పంతులమ్మనీ జీపెక్కించారు.

"ఈ నలభై మందినీ రెచ్చగొట్టిందెవరు?" అని ఇన్‌స్పెక్టరు స్టేషన్లో అడిగాడు.

మేం నోరు విప్పకముందే కానిస్టేబులు లోపలికొచ్చాడు. "సార్, మిల్లు ఆగిపోయిందంట. కుర్రోళ్లంతా బయట కూర్చున్నారు. ఆ జాబితా మేమే తీశాం, మా పేర్లు కూడా రాసుకోండి అంటున్నారు."

"ఎంతమంది?"

"లెక్క తేలట్లేదు సార్. ఇంకా వస్తున్నారు."