ఒరిగిన కొయ్య

నేను ఒక మూరెడు చెక్క ఓడను. ఇంతవరకూ నీళ్ళు ఎరగను. గోదారి పాయ ఒడ్డున, లింగాచారి ఇంట్లో గోడబల్ల మీద ఉంటాను.

ఆ ఇంటివాళ్ళు తాతలనాటి నుంచీ ఓడలు కట్టేవాళ్ళు. పెద్ద ఓడకి తెచ్చిన టేకులోంచి ఒక ముక్క కోసి, ముందు నాలాంటి చిన్నదాన్ని చేస్తారు. నా వంపు చూసుకుని పెద్దదాన్ని వంచుతారు. నాకు అన్నీ అమరుస్తారు గానీ తెరచాప కొయ్య మాత్రం నిలబెట్టరు. పెద్ద ఓడ మొదటి ప్రయాణం చేసి క్షేమంగా రేవుకొచ్చాకే ఆ పని. అందాకా కొయ్య నా కడుపులో పడుకుని ఉంటుంది. బల్ల మీద కొయ్య లేచిందంటే ఓడ వచ్చినట్టే. మనుషులు చిత్రమైనవాళ్ళు. సముద్రం అక్కడుంటే నా వైపు చూస్తారు.

మొదటి ప్రయాణానికి కట్టిన ఇంటివాడొకడు ఓడెక్కాలి. కట్టినవాడే ఎక్కని ఓడ ఇంకెవడెక్కుతాడు అంటారు. లింగాచారికి మోకాళ్ళు పోయాయి. కొడుకు గంగాచారి ఎక్కాడు. పెళ్ళయి ఏడాది తిరగలేదు. వెళ్ళేముందు నన్ను నిమిరి, "వచ్చాక కొయ్య నేనే పెడతాను నాన్నా. నీ చెయ్యి వణుకుతోంది" అని నవ్వాడు.

ఆ కార్తీకంలో గాలివాన పట్టింది. తోడు వెళ్ళిన ఓడల వాళ్ళు తిరిగొచ్చి, మేం చూడలేదని తల దించుకున్నారు. ఓడ పోయిందని ఎవరూ అనలేదు. కోడలు మాణిక్యం గాజులు తియ్యలేదు. లింగాచారి అసలే మాట తక్కువ మనిషి, ఉన్న ఆ కాస్తా మానేశాడు. ఉలి పట్టలేదు. రోజూ నా మీద దుమ్ము తుడిచేవాడు, అంతే.

ఆయన భార్య పేరంటాలు మంచం పట్టింది. మంచం నాకెదురుగా వేయించుకుంది. తిండి పోయింది, చూపు సన్నగిల్లింది, ప్రాణం మాత్రం పోదు. వాడు రాకుండా ఎలా పోతానయ్యా అనేది మొగుడితో. ఎగశ్వాస మొదలైన రోజు, మాణిక్యం నీళ్ళకి వెళ్ళినప్పుడు, ఆయన లేచాడు. నా కడుపులోంచి కొయ్య తీసి కన్నంలో దించాడు. చెయ్యి వణికింది. కొయ్య ఓ పక్కకి ఒరిగింది.

"వచ్చాడే" అన్నాడు.

ఆమె నన్ను చూసింది. ముఖం తేటపడింది. "కాళ్ళు కడుక్కుని రమ్మను" అంది. అంతే, పోయింది.

ఆయనకి తలుపు సంగతి తోచలేదు. బార్లా తీసే ఉంది. మాణిక్యం బిందెతో గుమ్మంలోకొచ్చింది. నన్ను చూసింది. బిందె జారిపోయింది. ఆయన నోరు తెరిచేలోపే రేవుకి పరుగెత్తింది. ఓడొచ్చిందట, ఓడొచ్చిందట అంటూ వీధి వీధంతా ఆమె వెనకాలే పరుగెత్తింది. మోకాళ్ళు లేని మనిషి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

పొద్దువాలాక ఒక్కతే వచ్చింది. చీర నడుం దాకా తడిసి ఉంది. చేతులకి గాజులు లేవు. అత్తగారిని చూసింది. మామగారు కొయ్య తియ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనివ్వండి మావయ్యా. తీస్తే అత్తయ్యకి చెప్పింది అబద్ధమైపోద్ది."

నాకిరువైపులా తాతలు చేసిన ఓడలున్నాయి. వాటి కొయ్యలన్నీ నిటారుగా ఉంటాయి. నాదొక్కటే ఒరిగింది. ఇంటికొచ్చినవాళ్ళు చూసి, ఇక్కడ పనివాడి చెయ్యి తప్పింది అంటారు. లింగాచారి దుమ్ము తుడిచేటప్పుడు ఆ కొయ్యని మాత్రం తాకడు.